రాగితీగతో మొదలయ్యే బంగారు పని

కోవూరు: కంసాలి పని నేర్చుకునే కుర్రవాడి చేతికి మొదట బంగారం ఇవ్వరు. రాగితీగ ఇస్తారు. అది కూడా కొన్ని నెలలు గడిచాకనే. అంతవరకు కుంపటి రాజేయడం, బొగ్గులు ఏరడం, సాయంత్రం పని ముగిశాక కూర్చున్న చోటు కుంచెతో ఊడ్చి ఆ దుమ్మును డబ్బాలో పోయడం అతని వంతు. బడి, పరీక్ష, పట్టా ఏవీ లేని ఈ చదువు తరతరాలుగా ఇంటి వసారాల్లోనే సాగింది. పెన్నకు ఉత్తరపు ఒడ్డున ఉన్న కోవూరు వంటి ఊళ్లలో పెళ్లికి కావలసిన బొట్లు, కమ్మలు, మాటీలు, మెట్టెలు ఇలా నేర్చిన చేతులే చేసి పెట్టాయి. వరి కోతలు అయి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో కంసాలికి తీరిక దొరికేది కాదు.

ఇప్పుడు పెన్న వంతెన దాటితే చాలు, నెల్లూరులో అద్దాల దుకాణాలు. అచ్చుల్లో పోసిన నగలు, యంత్రం మీద అల్లిన గొలుసులు సిద్ధంగా వేలాడుతుంటాయి. కొడుకును కుంపటి పక్కన కూర్చోబెట్టాలా, కాలేజీకి పంపాలా అన్నది ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఇంటి ముందూ ఉన్న ప్రశ్న. పని పూర్తిగా పట్టుబడాలంటే అయిదారేళ్లు కావాలి. అన్నేళ్లు కూర్చున్నాక పని దొరుకుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

ఊదుగొట్టం, కమ్మచ్చు

మొదటి పాఠం ఊదుగొట్టం. దీపం మంటను సన్నని ఇత్తడి గొట్టంతో ఊది, సూదిమొన లాగా చేసి, కావలసిన చోటికే తగిలించాలి. మంట మధ్యలో తెగకూడదు. అంటే నోటితో ఊదుతూనే ముక్కుతో గాలి పీల్చాలి. బుగ్గల్లో కాస్త గాలి నిలవ ఉంచుకుని, పీల్చే క్షణంలో దానిని వదలాలి. చెబితే నిమిషంలో అర్థమయ్యే సంగతే, బుగ్గలకు అర్థం కావడానికి మాత్రం వారాలు పడుతుంది. గ్లాసు నీళ్లలో గొట్టం ముంచి, బుడగలు ఆగకుండా వచ్చేదాకా ఊదడం మంచి సాధన. గ్యాసు టార్చి వచ్చాక ఈ శ్రమ తగ్గింది.

ఆ తర్వాత రాగి. రాగి 1085 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, బంగారం 1064 దగ్గర, వెండి 962 దగ్గర కరుగుతాయి. రాగి మీద చేయి కుదిరితే బంగారానికి దారి పడినట్లే. పాడయినా నష్టం కొద్ది రూపాయలే. దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టేకొద్దీ లోహం గట్టిపడి పెళుసెక్కుతుంది. ఇంకా కొడితే అంచు పగులుతుంది. పగలకముందే ఆపి కాల్చాలి. ఎండ వెలుతురులో ఎరుపు కనిపించదు, కనిపించేసరికి వేడి మితిమీరుతుంది. అందుకే కుంపటి ఎప్పుడూ వసారాలో నీడపట్టునే ఉంటుంది. మందంగా ఎరుపు తిరగగానే తీసి నీళ్లలో వేస్తే రాగి మళ్లీ మెత్తబడుతుంది. కమ్మరి ఉక్కును ఇలాగే నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, రాగి తీరు అందుకు తలకిందులు. పక్కపక్క వృత్తులే అయినా ఒకరి కిటుకు మరొకరికి పనికిరాదు.

తీగ తీయడానికి కమ్మచ్చు ఉన్నది. ఉక్కు పలకలో పెద్ద వాటి నుంచి చిన్న వాటి దాకా వరుసగా బెజ్జాలుంటాయి. తీగ కొన సన్నగా ఆకురాయి పట్టి, మైనం రాసి, పట్టకారుతో లాగాలి. తొందరపడి ఒక బెజ్జం దాటేస్తే తీగ తెగుతుంది. నాలుగైదు బెజ్జాలకొకసారి మళ్లీ కాల్చాలి. వెంట్రుక మందం తీగ కావాలంటే ఎన్నిసార్లు లాగాలో, ఎన్నిసార్లు కాల్చాలో లెక్క వేసుకుంటే ఓపిక అనే మాటకు అర్థం తెలుస్తుంది.

అన్నింటికీ కష్టమైనది మాటు పెట్టడం. వెలిగారం నీళ్లతో నూరి అతుకు మీద పూసి, ఆవగింజలో సగమంత మాటు ముక్క పెట్టి మంట తగిలించాలి. మాటు ఎటు వేడి ఎక్కువ ఉంటే అటు పరుగెడుతుంది. అతుకు రెండు వైపులా ఒకే వేళకు వేడెక్కకపోతే ఒక పక్కనే గుండులా పేరుకుపోతుంది. వేడి కొంచెం మించితే కొక్కెమే కరిగి ముద్దవుతుంది. గొలుసులో రెండు వందల కొక్కేలుంటే రెండు వందల అతుకులు. నూట తొంభై తొమ్మిది కుదిరి ఒకటి కుదరకపోతే గొలుసు అక్కడే తెగుతుంది.

పిల్లలు ఇష్టపడే పని కూడా ఒకటున్నది. తీగను చిన్న చిన్న తునకలుగా కత్తిరించి, బొగ్గు మీద గుంటల్లో పెట్టి మంట ఊదితే ప్రతి తునకా దానంతట అదే గుండ్రని పూసగా మారుతుంది. కరిగిన లోహం నీటిబొట్టు లాగా ముడుచుకుంటుంది కాబట్టి ఇలా జరుగుతుంది. కమ్మల అంచున వరుసగా కనిపించే రవ్వంత గుండ్లు ఇవే.

తరుగు మాట

మేలిమి బంగారం 24 క్యారెట్లు. అది మెత్తన, నగకు నిలవదు. 22 పాళ్ల బంగారంలో 2 పాళ్లు రాగి, వెండి కలుపుతారు. 8 గ్రాముల సవర ఎత్తు నగకు 7 గ్రాముల 333 మిల్లీగ్రాముల మేలిమి, మిగిలిన 667 మిల్లీగ్రాములు కలుపు. ఈ లెక్క నోటికి రానివాడిని త్రాసు దగ్గరకు రానివ్వరు.

తల్లి బంగారమైనా కంసాలి వదలడని ఒక సామెత ఉన్నది. అది అందరికీ వర్తించే మాట కాదు. ఆకురాయి పట్టినప్పుడు రజను రాలుతుంది, మెరుగు పెట్టినప్పుడు కొంత పోతుంది. దొంగతనం లేకపోయినా తరుగు ఉంటుంది. రాలిన రజనులో కలిసిన ఇనుప పొడిని అయస్కాంతంతో తీసేసి, మిగిలినది మూసలో కరిగిస్తారు. అయినా కొంత కుంపటి బూడిదలోకి, వాకిట్లోకి పోతూనే ఉంటుంది. ఆ బూడిదను, వీధి కాలువ మట్టిని కడిగి బంగారం తీసి బతికే వాళ్లకు జలగడుగువాళ్లని పేరు. కంసాలి వీధి దుమ్ముకు కూడా ధర ఉండేదన్నమాట. షోరూముల్లో ఇదే తరుగు శాతం లెక్కన బిల్లులో కనిపిస్తున్నది, దానికి సామెత మాత్రం ఇంకా పుట్టలేదు.

ఈ వృత్తికి పెద్ద దెబ్బ 1963 జనవరిలో తగిలింది. చైనా యుద్ధం తర్వాత మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లకు మించిన కొత్త నగ చేయకూడదన్నారు. 14 క్యారెట్ల నగను జనం మెచ్చలేదు. దేశమంతటా కుంపట్లు చల్లారాయి, ఆత్మహత్యలు కూడా జరిగాయి. 14 క్యారెట్ల నిబంధనను 1966లో తొలగించినా, 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చి, లైసెన్సులు, లెక్కల పుస్తకాలు మెడకు చుట్టుకున్నాయి. ఆ చట్టం రద్దయింది 1990లో. ఆ మధ్యకాలంలో వృత్తి వదిలిన వారి పిల్లలు మళ్లీ కుంపటి దగ్గరకు రావడం కష్టమే.

ఇక 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరి అయింది. ఏడాదికి 40 లక్షల రూపాయల లోపు వ్యాపారం ఉన్నవారికి మినహాయింపు ఇచ్చారు. కానీ ముద్ర చూసి కొనడం అలవాటైన కొనుగోలుదారుకు ముద్ర లేని నగ అంటే అనుమానమే. గీటురాయి మీద గీసి చూపించే ఆచారి మాట నిన్నటిదాకా చెల్లింది. ఇవాళ ఆరు అక్షరాల సంఖ్య అడుగుతున్నారు. కొనేవారికి ఇది మేలే, అనవలసిన పని లేదు.

కే.డీ.ఎం. నగల సంగతి ఈ సందర్భంలోనే చెప్పుకోవాలి. మాటులో కాడ్మియం కలిపితే అతుకు సులువుగా పడుతుంది, బంగారం పాళ్లు తగ్గవు. కానీ కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఆ ఆవిరి పీల్చింది నగ పెట్టుకున్నవారు కాదు, ఊదుగొట్టం పట్టినవారు. ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు అది చేటు. హాల్‌మార్కు నగలో దానికి చోటు లేదు. ఇంట్లో పని చేసేవారు ఇది ఎంత మాత్రం ముట్టరాదు.

2023 సెప్టెంబరు 17న మొదలయిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో స్వర్ణకారుల పనీ ఉన్నది. అయిదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు అందులోని అంశాలు. పనిముట్ల డబ్బు అక్కరకు వచ్చేదే. వారం శిక్షణ పని తెలిసినవాడికి ఉపయోగపడుతుంది గాని, తెలియనివాడిని కంసాలిని చేయదు.

వృత్తి కుటుంబంలో పుట్టకపోయినా ఆసక్తితో ఇంట్లో నేర్చుకోదలచిన వారికి రాగితోనే ఆరంభం మంచిది. దాగలికి బదులు నున్నటి ఇనుప దిమ్మ, చిన్న సుత్తి, ఆకురాళ్లు రెండు, కత్తెర, పట్టకారు, వెలిగారం చాలు. ఇత్తడిని మరీ కాల్చితే జింకు పొగ వస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి ఉంచాలి. శుభ్రం చేయడానికి చింతపండు సరిపోతుంది. ఆసిడ్ వాడక తప్పకపోతే నీళ్లలో ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లో నీళ్లు పోయకూడదు. రోజుకు గంట చొప్పున కూర్చున్నా రెండు మూడు నెలలకు నిలిచే అతుకు ఒకటి పడుతుంది. తర్వాత వెండి మెట్టె. బంగారం ఆ పైన.

తయారీ పని పట్నానికి పోయినా, పల్లెలో కంసాలికి మిగిలిన పని కొంత ఉన్నది. తెగిన గొలుసు అతకడం, వదులైన ఉంగరం సరిచేయడం, నల్లపూసలు మళ్లీ గుచ్చడం, పసిపిల్లలకు బంగారు తీగతో చెవులు కుట్టడం. దుకాణాల వారు ఈ చిల్లర పనులకు అంతగా ఇష్టపడరు, తీసుకున్నా మరో వారం రమ్మంటారు. ఆచారి ఇంటి అరుగు మీద అయితే తల్లి పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నంత సేపట్లో పని అయిపోతుంది.