గోరంత బిళ్ల... కొండంత స్మరణ

మీ ఇంటి అటక మీదో, పాత ట్రంకుపెట్టె అడుగునో ఒక ఉత్తరాల కట్ట ఉండే ఉంటుంది. భోగి మంటల కోసం పాత కాగితాలు ఏరేటప్పుడు అది మీ చేతికి తగలవచ్చు. మంటలో వేసే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ కవరు మూలన ఉన్న తపాలా బిళ్లను తేరిపార చూడండి. అక్కడ ఒక మహాత్ముడు కొలువై ఉండవచ్చు.

స్వతంత్ర భారతం తొలి తపాలా బిళ్లను 1947 నవంబరు 21న వెలువరించింది. దాని మీద త్రివర్ణ పతాకం ఉంది. 1948 ఆగస్టు 15న గాంధీజీ బిళ్లలు వచ్చాయి. 1952 అక్టోబరు 1న తపాలా శాఖ సంతులకూ కవులకూ నీరాజనం పట్టింది. ఆనాడు వెలువడిన ఆరు బిళ్లల మీద కబీరు, తులసీదాసు, మీరాబాయి, సూరదాసు, గాలిబ్, రవీంద్రుడు దర్శనమిచ్చారు. తొమ్మిది పైల కబీరు, అణా తులసీదాసు, రెండణాల మీరా పల్లెపల్లెకూ ఉత్తరాలతో పాటు పయనించారు.

ఎనిమిదేళ్ల తరువాత, 1961 జనవరి 6న, మన త్యాగరాజస్వామి పదిహేను నయాపైసల బిళ్లపై వెలిశారు. స్వామి సమాధి చెందింది 1847 జనవరి 6న. అంటే 114వ వర్ధంతి. వంద కాదు, నూట పాతిక కాదు, నూట పద్నాలుగు! ఇదేమి లెక్క అని మీకు సందేహం కలగవచ్చు. పంచాంగం తెరిస్తే ఒక విశేషం కనిపిస్తుంది.

సర్కారు స్మరించేది తేదీని. మనం ఆరాధించేది తిథిని. స్వామి సిద్ధి పొందినది పుష్య బహుళ పంచమి నాడు. తిథి ఏటా ఒకే తేదీకి రాదు. అయితే 19 సౌర సంవత్సరాలకూ 235 చాంద్రమాసాలకూ దాదాపు సరిసమానమైన కాలం పడుతుంది. ఆ 19 ఏళ్లలో ఏడు అధికమాసాలు వచ్చి లెక్కను సరిచేస్తాయి. అందుకే 19 ఏళ్లకొకసారి తిథీ తేదీ మళ్లీ కలుసుకుంటాయి. ఒక్కోసారి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. ఆరు పంతొమ్మిదులు నూట పద్నాలుగు! 1961 జనవరి 6 కూడా పుష్య బహుళ పంచమే. తలచి చేశారో, దైవికంగా కలిసిందో కానీ, ఆనాడు పంచాంగమూ క్యాలెండరూ ఒకే నామాన్ని స్మరించాయి. మీ ఇంట్లో 19 ఏళ్లు నిండిన బిడ్డ ఉంటే జన్మతిథిని సరిచూడండి, ఈ సత్యం మీకే బోధపడుతుంది.

1964 జనవరిలో పురందరదాసు నాలుగు వందల ఏళ్ల స్మృతిగా మరొక బిళ్ల వచ్చింది. తెలుగువారి పదకవితా పితామహుడు అన్నమాచార్యుల వంతు 2004 మార్చి 18న వచ్చింది. వెల అయిదు రూపాయలు. అది ఫాల్గుణ బహుళ ద్వాదశి. 1503లో ఆచార్యులు పరమపదించిన తిథి కూడా అదే.

మరి ఇన్ని శతాబ్దాలు ఆ వాణి ఎక్కడ దాగింది? సుమారు 32 వేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. కుమారుడు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకులపై చెక్కించారు. తిరుమల ఆలయంలోని సంకీర్తనా భాండాగారంలో ఆ రేకులు చిరకాలం చీకటిలో ఉండిపోయాయి. 20వ శతాబ్దిలోనే అవి తిరిగి వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు పరిష్కరించారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ స్వరపరిచారు. త్యాగరాజస్వామి సమాధిదీ అదే గాథ. శిథిలమై, కంపలు కమ్మిన ఆ స్థలంలో బెంగుళూరు నాగరత్నమ్మ తన ఆస్తిని వెచ్చించి ఆలయం నిర్మించారు. ఆనాటి ఆరాధనోత్సవాల్లో స్త్రీలు పాడేందుకు అనుమతి లేదు. అయినా ఆ తల్లి వెనుదీయలేదు. తపాలా బిళ్ల తరువాతి మాట. దానికి ముందు ఒక తల్లి, ఒక పండితుడు, ఒక గాయకుడు మరువకుండా ఉండవలసి వచ్చింది.

మహాత్ముని ముఖంపై నల్లసిరా ముద్ర కొట్టడం అపచారం కాదా అని కొందరు భక్తులు నొచ్చుకుంటారు. ఒక్కమాట ఆలోచించండి. త్యాగరాజస్వామి కృతి చివర తన నామాన్నే నిలిపారు. పురందరదాసు విఠలుని నామాన్ని నిలిపారు. అన్నమయ్య వేంకటేశ్వరుని నిలిపారు. దానినీ ముద్ర అనే అంటాం. ముద్రతో కీర్తన పూర్ణమవుతుంది. ముద్ర పడిన బిళ్ల తన పని నెరవేర్చింది, ఒక కుశలవార్తను ఒక గడపకు చేర్చింది. అది కళంకం కాదు, చరితార్థత.

కనుక ఆ కవరును చెత్తబుట్టలో వేయకండి. తేదీ స్పష్టంగా ఉంటే కవరును కవరుగానే భద్రపరచండి. చిరిగిపోయి ఉంటే, బిళ్ల ఉన్న ముక్కను కత్తిరించి మంచినీటిలో నానబెట్టండి. బంక కరిగి బిళ్ల విడివడుతుంది. తెల్ల కాగితాల నడుమ ఆరబెట్టి పుస్తకంలో ఉంచండి. ఆ సాయంత్రం పిల్లలను చేరదీసి ఆ బొమ్మ ఎవరిదో చెప్పండి. చెప్పి ఊరుకోకండి. ఒక కీర్తన పాడించండి. రాగం తెలియకపోతే సాహిత్యమైనా చదివించండి.

బిళ్ల మీద వెలను సర్కారు ముద్రిస్తుంది. దాని విలువను నిలబెట్టవలసినది మన పూజగదే.