చెప్పుకోలేని చోట పుండా? ఆలస్యం చేయకండి
రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు సమాచారం



యోని బయటి పెదవుల మీద కూడా క్యాన్సర్ వస్తుంది. డాక్టర్లు దీన్ని వల్వా క్యాన్సర్ అంటారు. ఇది అరుదైన జబ్బే. ఎక్కువగా 60 ఏళ్లు దాటినవాళ్లలో కనిపిస్తుంది, చిన్న వయసులోనూ రావచ్చు. చాలామంది సిగ్గుతో ఎవరికీ చెప్పరు. దురదే కదా అని నెలల తరబడి ఆయింట్‌మెంట్ రాసుకుంటారు. ఈలోగా జబ్బు ముదురుతుంది.

ప్రాణం నిలబడటం దేని మీద ఆధారపడుతుంది?

1. గజ్జల్లోని లింఫ్ గ్రంథులు: అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. అమెరికా లెక్కల్లో, జబ్బు పుట్టిన చోటే ఉండగా పట్టుకుంటే నూటికి సుమారు 85 మంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. గజ్జలకు పాకితే అది సుమారు సగానికి పడిపోతుంది. దూరంగా ఊపిరితిత్తుల వంటి చోట్లకు చేరితే ఇంకా బాగా తగ్గిపోతుంది.

2. పుండు సైజు, లోతు: 2 సెంటీమీటర్ల లోపు సైజు, 1 మిల్లీమీటరు లోపు లోతు ఉంటే చిన్న ఆపరేషన్‌తో సరిపోవచ్చు. గజ్జల్లో ఆపరేషన్ సాధారణంగా అక్కర్లేదు.

3. కోసిన అంచులు: అంచుల్లో క్యాన్సర్ మిగిలితే మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. అందుకే ఆపరేషన్ తర్వాత కూడా చెకప్‌లు మానకూడదు.

4. వయసు, ఒంట్లో బలం: షుగర్, గుండె జబ్బు, హెచ్ఐవీ ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి. చుట్ట, బీడీ మానేయండి.

ఇవి కనిపిస్తే వెంటనే వెళ్లండి

తగ్గని దురద, మంట, తెల్ల మచ్చ, మానని పుండు, గడ్డ, నెలసరి ఆగిపోయాక రక్తం కనిపించడం, గజ్జల్లో గట్టి గడ్డ.

మీరు చేయాల్సింది

ముందు ఆశా కార్యకర్తకు గానీ ఏఎన్ఎంకు గానీ చెప్పండి. మగ డాక్టరు దగ్గర ఇబ్బందిగా ఉంటే లేడీ డాక్టరు కావాలని అడగండి. అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తేనే జబ్బేంటో తేలుతుంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాట నమ్మకండి.

క్యాన్సర్ అని తేలితే ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆస్పత్రికి రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లి, అక్కడి ఆరోగ్యమిత్రను కలవండి. ఈ పథకంలో కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు వైద్యం అందుతుంది. సందేహం ఉన్నా, పథకంలో ఉన్న వైద్యానికి ఎవరైనా డబ్బు అడిగినా 104కు ఫోన్ చేయండి.

ఈ పీడీఎఫ్‌ను మీ అమ్మకు, అత్తకు చదివి వినిపించండి. వాళ్లంతట వాళ్లు అడగరు. మీరే అడగాలి.