తువాలు: అలల అంచున ఒక చిన్న దేశం

తువాలు అనగానే మనలో చాలామందికి భుజం మీది తువ్వాలు గుర్తుకు వస్తుంది. కాని ఇది ఒక దేశం పేరు. పసిఫిక్ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాకూ హవాయి దీవులకూ దాదాపు నడుమ, భూమధ్యరేఖకు కొంచెం దక్షిణంగా తొమ్మిది చిన్న దీవులు వరుసగా ఉన్నాయి. అన్నిటినీ కలిపితే నేల 26 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన మండలాల్లో చాలావాటి విస్తీర్ణం ఇంతకు ఎన్నో రెట్లు. జనాభా పది పదకొండు వేలు, అంటే మన వైపు ఒక పెద్ద గ్రామమంత. అయినా ఆ దేశానికి సొంత పార్లమెంటు ఉంది, సొంత జెండా ఉంది, 2000 సంవత్సరం నుండి ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం ఉంది. బ్రిటిషువారి పాలనలో ఎల్లిస్ దీవులు అని పిలువబడిన ఈ దేశం 1978 అక్టోబరు 1న స్వాతంత్ర్యం పొందింది.

ఎనిమిదీ కలిసి నిలుచుట అని వారి భాషలో తువాలుకు అర్థం. దీవులు తొమ్మిది కదా అని మీరు అడగవచ్చు. తొమ్మిదవదైన నియులకిటలో పూర్వం స్థిరంగా కాపురమున్నవారు లేరు. 1949లో నియుటావో దీవివారు అక్కడికి వెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది.

ఈ దీవులు మనకు తెలిసిన నేలవంటివి కావు. ఎప్పుడో సముద్రంలో లేచిన అగ్నిపర్వతం మెల్లగా కుంగిపోగా, దాని అంచున పగడపు పురుగులు కట్టుకుంటూ వచ్చిన గోడ మీద నిలిచిన ఇసుకా, రాళ్ళముక్కలే ఈ నేల. డార్విన్ చెప్పిన ఈ మాట నిజమా కాదా అని తేల్చుకోవడానికి ఇంగ్లాండు రాయల్ సొసైటీవారు 1896 నుండి 1898 వరకు ఫునాఫుటి దీవిలో బోరు వేయించారు. 1,100 అడుగులకు పైగా దిగినా పగడపు రాయే వచ్చింది గాని అడుగున ఉండవలసిన నల్లరాయి తగలలేదు. కొండ లేదు, ఏరు లేదు. దేశమంతటిలో ఎత్తైన చోటు కూడా సముద్రానికి ఐదు మీటర్ల లోపే. రాజధాని ఉన్న ఫొంగాఫాలె కొన్నిచోట్ల ఎంత సన్నని పట్టీ అంటే, ఒకవైపు మహాసముద్రపు అలలు, మరోవైపు లోపలి ఉప్పునీటి మడుగు, మధ్యలో ఒక్క రోడ్డు. 1943లో యుద్ధకాలంలో అమెరికా సైనికులు వేసిన విమానాల రన్‌వే ఊరి మధ్యనే ఉంది. విమానం వచ్చే ముందు సైరను మోగుతుంది, జనం పక్కకు తొలగుతారు. సాయంకాలం అయితే పిల్లలు బంతులాడేదీ, పెద్దలు చల్లగాలికి కూర్చునేదీ దాని మీదే.

మరి తిండి ఎట్లా? మన రైతు కుటుంబాలు విని ఆశ్చర్యపడే సేద్యం ఒకటి అక్కడ ఉంది. వాన కురిసినప్పుడు ఇసుకలోకి ఇంకిన మంచినీరు, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలి నిలుస్తుంది. ఆ పొర తగిలేదాకా పెద్ద గుంతలు తవ్వి, ఆకులూ చెత్తా వేసి ఎరువు చేసి, పులకా అనే చేమజాతి దుంపను పెంచుతారు. తాతలు తవ్విన గుంతలు మనుమలకు వస్తాయి. ఏ ఆకు ఎప్పుడు వేయాలో ఏ ఇంటివారి గుట్టు ఆ ఇంటివారిదే. దుంపతోపాటు కొబ్బరి, పనస జాతికే చెందిన సీమపనస, చేపలు. కొబ్బరి గెలను గీసి తీసే కల్లును కలేవె అంటారు. పులియకముందు తియ్యగా ఉన్నప్పుడు పిల్లలకు కూడా తాగిస్తారు, కాచి పాకం చేసి దాచుకుంటారు. తాగునీరు మాత్రం వానదే. ఇంటి కప్పు మీద పడిన నీటిని ట్యాంకులో పట్టుకోవాలి. 2011లో నెలల తరబడి వానలు లేక అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. న్యూజిలాండు నుండి నీరూ, ఉప్పునీటిని శుద్ధిచేసే యంత్రాలూ వచ్చాయి. చుట్టూ సముద్రం పెట్టుకొని బిందె నీటికి వరుసలో నిలబడిన ప్రజలు వారు.

నేల కొంచెమైనా సముద్రం విస్తారం. ఏడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన జలాల మీద తువాలుకు హక్కు ఉంది. అక్కడ ట్యూనా చేపలు పట్టే విదేశీ ఓడలు రోజు లెక్కన రుసుము కట్టాలి. ప్రభుత్వ ఆదాయంలో పెద్ద వాటా దీనిదే. రెండవ ఆదాయం వింతైనది. కంప్యూటరు చిరునామాల చివర ప్రతి దేశానికీ రెండక్షరాల గుర్తు ఉంటుంది గదా, తువాలు వంతుకు టీవీ అనే అక్షరాలు వచ్చాయి. టెలివిజను కంపెనీలన్నిటికీ అవి కావాలి. ఆ అక్షరాల అద్దె సొమ్ము చేతికి వచ్చాకనే ఐక్యరాజ్యసమితిలో చేరే ఖర్చు భరించగలిగారు. 1987లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండుల సాయంతో నెలకొల్పిన ఒక నిధి కూడా ఉంది. అసలు కదలకుండా రాబడినే వాడుకుంటారు. పడవలు నడిపే నేర్పున్న యువకులు అమటుకు దీవిలో నావికశిక్షణ పొంది విదేశీ ఓడల్లో పనిచేసి ఇంటికి డబ్బు పంపేవారు. ఇటీవల ఆ ఉద్యోగాలు బాగా తగ్గిపోయాయి.

ప్రజలు పాలినీషియా జాతివారు. వారి భాష సమోవా భాషకు దగ్గరి చుట్టం. సువార్త అక్కడికి చేరిన తీరు మేము తప్పక చెప్పాలి. 1861లో కుక్ దీవులలోని మనిహికి సంఘ పరిచారకుడు ఎలెకాన, కొందరితో కలిసి పడవలో వెళ్తుండగా తుఫానులో చిక్కుకొని, సుమారు ఎనిమిది వారాలు కొట్టుకుపోయి నుకులైలై దీవికి చేరాడు. అక్కడివారు ఆదరించి వాక్యం నేర్చుకున్నారు. ఆయన సమోవాకు వెళ్ళి చదువుకొని, 1865లో లండను మిషనరీ సొసైటీవారితో తిరిగి వచ్చాడు. ఈ నడుమ ఘోరం జరిగింది. 1863లో పెరూ దేశానికి కూలీలను తోలుకుపోయే ఓడలు వచ్చాయి. దేవుని సంగతులు నేర్పించి మళ్ళీ తీసుకువస్తామని నమ్మబలికి నుకులైలై ప్రజలను ఎక్కించుకుపోయాయి. దీవిలో వందమంది కూడా మిగలలేదు. ఫునాఫుటి నుండి కూడా నూటికి పైగా పోయారు. వెళ్ళినవారు తిరిగి రాలేదు. నేర్చుకోవాలనే ఆశనే ఎరగా వేసిన ఆ మోసాన్ని ఏ పేరుతో పిలవాలో మాకు తోచదు. మిగిలిన కొద్దిమందితోనే సంఘం కట్టబడింది. నేడు దేశ ప్రజల్లో అత్యధికులు ఆ తువాలు క్రైస్తవ సంఘంవారే. వారి సొంత భాషలో పూర్తి బైబిలు మాత్రం 1980ల దాకా రాలేదు. అంతవరకు సమోవా బైబిలే చదివారు.

ఇప్పుడు ఆపద సముద్రం నుండి వచ్చింది. గడచిన ముప్పయి ఏళ్ళలో అక్కడి నీటిమట్టం సుమారు 15 సెంటీమీటర్లు పెరిగింది. దేశం రేపే మునిగిపోతుందన్నట్టు పత్రికలు రాస్తుంటాయి, అది సరి కాదు. అలలు పగడపు ముక్కలను తెచ్చి పోయడం వల్ల 1971 నుండి 2014 వరకు మొత్తం నేల కొంచెం పెరిగిందని 2018లో న్యూజిలాండు పరిశోధకులు తేల్చారు. అసలు బాధ అడుగు నుండి వస్తున్నది. పెద్ద పోటు రోజుల్లో ఒడ్డుకు దూరంగా, ఊరి మధ్యన, ఇళ్ళ వాకిళ్ళలోనే నేలలోంచి ఉప్పునీరు ఉబుకుతుంది. పులకా గుంత ఒకసారి ఉప్పు పట్టిందా, తరాల కష్టం పోయినట్టే. 2015లో పామ్ తుఫాను కెరటాలు దాదాపు సగం జనాన్ని ఇళ్ళు విడిచేలా చేశాయి. ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఫునాఫుటిలో సముద్రాన్ని పూడ్చి ఏడు హెక్టార్లకు పైగా కొత్త నేలను లేపింది.

ఈ విషయంలో అక్కడి సంఘాల్లో ఒక చర్చ ఉంది. మరల జలప్రళయం రాదని ఆదికాండము తొమ్మిదవ అధ్యాయంలో దేవుడు నోవహుతో నిబంధన చేశాడు కదా, ఇక భయమెందుకని వృద్ధులు అనేకులు అంటారు. వారి విశ్వాసాన్ని తేలికగా మాట్లాడే హక్కు మనకు లేదు. అయితే ఆ నిబంధన సమస్త శరీరులను నాశనం చేయననే మాట గాని, మనుషులు కాల్చిన బొగ్గూ నూనెల ఫలితం ఏ తీరానికీ తగలదనే మాట కాదని మేము తలుస్తాము. నోవహు దేవుని మాట నమ్మినవాడే. నమ్మినందుకే ఓడ కట్టి కీలు పూశాడు. 2024లో అక్కడ వాతావరణ శాఖ మంత్రి అయిన మైనా తాలియా వేదాంతం చదివినవారు. పొరుగువాడెవడు అనే ప్రశ్నతోనే ఆయన ఈ సమస్యను ప్రపంచం ముందు పెట్టారు. ఆ దీవులు గాలిలోకి వదిలిన పొగ లెక్కకు రానంత స్వల్పం.

పొరుగు అనే మాటే మరొకచోట కూడా వచ్చింది. 2023 నవంబరులో ఆస్ట్రేలియాతో చేసుకున్న ఒడంబడికకు ఫలెపిలి అని పేరు పెట్టారు. ఇరుగుపొరుగు ఇళ్ళవారు ఒకరికొకరు తోడుండడం అని దాని భావం. 2024 ఆగస్టులో అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఏటా 280 మంది తువాలువాసులు ఆస్ట్రేలియాలో శాశ్వతంగా ఉండవచ్చు. బదులుగా, ఇతర దేశాలతో తువాలు చేసుకునే రక్షణ ఒప్పందాలకు ఆస్ట్రేలియా సమ్మతి కావాలి. ఈ షరతు అక్కడ చాలామందికి మింగుడుపడలేదు. 2025లో మొదటి లాటరీ తీసినప్పుడు కుటుంబసభ్యులతో కలిపి 8,750 మంది పేర్లు వచ్చాయి. అంటే దేశంలో నూటికి ఎనభై మందికి పైగా. పేరు ఇచ్చినవారంతా వెళ్ళిపోవాలనుకున్నారని కాదు. తలుపు తెరిచి ఉంటే మంచిదనుకున్నవారూ ఉంటారు. నేల పోయినా దేశం దేశంగానే ఉంటుందని 2023లోనే తమ రాజ్యాంగంలో రాసుకున్నారు.

2025 చివర్లో మొదటి జట్టు ఆస్ట్రేలియా చేరింది. అందులో తువాలు సంఘంలో శిక్షణ పొందుతున్న ఒక కాపరి ఉన్నాడు. దక్షిణ ఆస్ట్రేలియాలో నారకూర్ట్ అనే చిన్న పట్టణానికి ఆయన వెళ్తున్నాడు. అక్కడ పొలాల్లోనూ, మాంసం కర్మాగారాల్లోనూ పనిచేసే పసిఫిక్ దీవులవారు వందల సంఖ్యలో ఉన్నారు.