వార్తల్లో పదం: ఇన్సిడెన్స్ రేటు

ఏడాదిలో లక్ష మందికి కొత్తగా ఎన్ని కేసులు బయటపడ్డాయో చెప్పే లెక్కే ఇన్సిడెన్స్ రేటు. అమెరికాలో తెల్లవాళ్లకన్నా ఆసియా మూలాలవాళ్లలో మెదడు కణితులు తక్కువని చెప్పే వార్తలకు ఆధారం ఇదే. గ్లియోబ్లాస్టోమా అనే ప్రాణాంతక కణితి విషయంలో ఆ తేడా నిజమే. ఎక్కువగా క్యాన్సర్ కాని మెనింజియోమా అనే కణితి మాత్రం నల్లజాతీయుల్లో ఎక్కువ. ఈ తేడాలకు కారణం పూర్తిగా తేలలేదు. పైగా అక్కడి పట్టికల్లో తెలుగువాళ్లు విడిగా కనిపించరు. చైనా, ఫిలిప్పీన్స్ వాళ్లతో కలిసి ఒకే గడిలో ఉంటారు.

మరి మన ఊరు పొదిలిలో? ఇక్కడ లెక్కకెక్కాలంటే ముందు స్కాన్ జరగాలి. నెలల తరబడి తలనొప్పికి మాత్రలు మింగిన మిరప రైతుకు, ఫిట్స్ వచ్చాక ఒంగోలుకో గుంటూరుకో వెళ్లి ఎమ్మారై తీయించుకుంటేనే కణితి సంగతి తెలుస్తుంది. ఈలోగా ప్రాణం పోతే ఆయన ఏ లెక్కలోనూ ఉండడు. ఇది నన్ను కలవరపెడుతుంది. హైదరాబాద్‌లో ఆపరేషన్ జరిగినా అక్కడివాళ్ల క్యాన్సర్ కేసులను నమోదు చేసే జనాభా ఆధారిత క్యాన్సర్ రిజిస్ట్రీ ఆయన్ను తన రేటులో కలపదు. అది చూసేది ఎక్కడ వైద్యం జరిగిందని కాదు, ఎక్కడ కాపురం ఉంటున్నారని.

అమెరికాలో 2004 నుంచి క్యాన్సర్ కాని మెదడు కణితులనూ దేశమంతటా నమోదు చేస్తున్నారు. 1981లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మొదలుపెట్టిన మన రిజిస్ట్రీలు ప్రధానంగా క్యాన్సర్లనే లెక్కిస్తాయి. అందుకే రెండు దేశాల అంకెలను నేరుగా పోల్చకూడదు. వయసు తేడానూ సరిచేయాలి: వలస వెళ్లిన మనవాళ్లలో పడుచువాళ్లే ఎక్కువ, గ్లియోబ్లాస్టోమా ఎక్కువగా కనిపించేది 60 దాటినవాళ్లలో.