ఆర్‌ఎక్స్ 100కి ఏ సైలెన్సర్ బెస్ట్? మూడింటిని బిగించి, ఫోన్‌తో కొలిచి చూశాం

ఇయర్‌బడ్స్‌లో బేస్ ఎంత, ఫోన్ స్పీకర్ ఎంత లౌడ్ అని రోజూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈసారి రివ్యూకి వచ్చిన సౌండ్ ఐటెమ్ మాత్రం కాస్త తేడా. యమహా ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్. 1985లో మన దేశంలో రిలీజైన ఈ బండి తయారీ 1996లో ఆగిపోయింది. అయినా ఇప్పటికీ దీన్ని వెతికి వెతికి కొనేవాళ్లలో చాలామంది, అది ఆగిపోయాక పుట్టినవాళ్లే. నేనూ ఆ బ్యాచే.

98 సీసీ, 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్ పవర్, దాదాపు 103 కిలోల బరువు. పేపర్ మీద చూస్తే పెద్ద నంబర్లేం కావు. కానీ ఆ సౌండ్ వినగానే తల తిప్పి చూడనివాళ్లు తక్కువ. అందుకే ఈ బండి చేతికొచ్చిన ప్రతివాడికీ మొదట వచ్చే డౌట్ ఒకటే: ఏ సైలెన్సర్ వేయాలి?

ఇద్దరు మనుషులు, రెండు సౌండ్లు

మాకు ఈ ప్రశ్న ద్వారకా తిరుమలలో మా బాబాయి బండి వల్ల వచ్చింది. 1996 మోడల్, అంటే ఆఖరి రోజులది. సైలెన్సర్ కింది వైపు తుప్పు పట్టి చిల్లు పడింది. వెల్డింగ్ చేయిస్తే పక్కన ఇంకోటి పడింది. పైగా ఆర్‌సీ రెన్యువల్ దగ్గరపడింది. ప్రైవేట్ బండికి 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, దానికి బండిని ఇన్‌స్పెక్షన్‌కి చూపించాలి. చిల్లు సైలెన్సర్‌తో వెళ్లలేం.

బాబాయి రోజూ తెల్లవారుజామున ఈ బండి మీదే పామాయిల్ తోటకి వెళ్తారు. దారిలో సత్రాలు, వాటిలో స్వామి దర్శనానికి వచ్చి పడుకున్న జనం. ఆయన కోరిక సింపుల్: "కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాల్రా. నేను వీధి మలుపు తిరిగితే మీ పిన్నికి తెలియాలి. ఊరందరికీ తెలియక్కర్లేదు."

తాడేపల్లిగూడెంలో బీటెక్ చదువుతున్న మా తమ్ముడిది వేరే లెక్క. "అన్నయ్యా, ఆర్‌ఎక్స్ అంటేనే సౌండ్. చాంబర్ వేయించేద్దాం" అని వాడి గోల. బండి ఇద్దరూ నడుపుతారు, సైలెన్సర్ మాత్రం ఒక్కటే పడుతుంది. సరే, వాదించుకునే బదులు కొలిచి చూద్దాం అనుకున్నాం.

ముందుగా: యూట్యూబ్ వీడియో విని డిసైడ్ అవ్వొద్దు

తమ్ముడు నాకు పది వీడియోలు పంపాడు. అన్నీ ఫోన్‌లో ఒకేలా వినిపించాయి. కారణం మన ఫీల్డ్‌లో అందరికీ తెలిసిందే. వీడియో తీసే ఫోన్ సౌండ్ ఎక్కువైతే తనంతట తానే తగ్గిస్తుంది, తక్కువైతే పెంచుతుంది. అంటే లౌడ్ సైలెన్సర్, మెత్తటి సైలెన్సర్ రెండూ రికార్డింగ్‌లో దాదాపు ఒకే లెవెల్‌కి వచ్చేస్తాయి.

రెండో సమస్య ప్లేబ్యాక్. టూ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ ఇంజిన్ ప్రతి రౌండ్‌కీ ఒకసారి ఫైర్ అవుతుంది. 3,000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 50 సార్లు, అంటే 50 హెర్ట్జ్. 7,500 దగ్గర 125 హెర్ట్జ్. ఆర్‌ఎక్స్ సౌండ్‌కి పునాది ఈ రేంజ్‌లోనే ఉంటుంది. ఫోన్ స్పీకర్ సరిగ్గా పలికించలేనిది కూడా ఈ రేంజే. మీరు ఫోన్‌లో వినేది పైన ఉండే కీచు భాగం మాత్రమే. కనీసం మంచి హెడ్‌ఫోన్స్ అయినా పెట్టుకుని వినండి.

ఇదే లెక్కతో బుల్లెట్‌కీ ఆర్‌ఎక్స్‌కీ తేడా కూడా తెలుస్తుంది. ఫోర్ స్ట్రోక్ బుల్లెట్ రెండు రౌండ్లకి ఒకసారే ఫైర్ అవుతుంది. ఐడిల్‌లో 900 ఆర్‌పీఎం అనుకుంటే సెకనుకి ఏడెనిమిది దెబ్బలు. చెవి వాటిని దాదాపు విడివిడిగా లెక్కపెట్టగలదు, అందుకే అది డుగ్ డుగ్ అంటుంది. ఆర్‌ఎక్స్‌లో దెబ్బలన్నీ కలిసిపోయి ఒక స్వరంలా వినిపిస్తాయి.

టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ అంటే ఇంజిన్‌లో సగం

ఇక అసలు విషయం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పొగ బయటికి పంపడానికి వాల్వులు ఉంటాయి. ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోక్‌లో వాటి బదులు సిలిండర్ గోడకి రంధ్రాలు, అంటే పోర్టులు ఉంటాయి. పిస్టన్ కిందికి దిగినప్పుడు పొగ బయటికి పోతుంటే, అదే సమయంలో కొత్త పెట్రోల్ మిక్స్చర్ లోపలికి వస్తుంటుంది. అందులో కొంత పొగతో పాటే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. దాన్ని వెనక్కి నెట్టేది సైలెన్సర్ ఆకారమే.

పైపు మొదట్లో వెడల్పయ్యే భాగం దగ్గర ప్రెషర్ అల తిరగబడి, సిలిండర్‌లోని పాత పొగని బయటికి లాగుతుంది. చివర్లో సన్నబడే భాగం దగ్గర అల వెనక్కి కొట్టుకుని, జారిపోయిన మిక్స్చర్‌ని పోర్టు మూసుకునేలోపు లోపలికి తోస్తుంది. దీన్నే ఎక్స్‌పాన్షన్ చాంబర్ అంటారు.

టైమింగ్ ఎంత టైట్‌గా ఉంటుందో చూడండి. 7,500 ఆర్‌పీఎం దగ్గర ఒక రౌండ్‌కి పట్టే సమయం 8 మిల్లీసెకన్లు. పోర్టు తెరిచి ఉండేది అందులో సుమారు సగం, అంటే 4 మిల్లీసెకన్లు. వేడి పొగలో శబ్దం సెకనుకి 500 మీటర్ల చొప్పున వెళ్తుందనుకుంటే, ఆ 4 మిల్లీసెకన్లలో అల పోయి రావడానికి మొత్తం 2 మీటర్లు, ఒకవైపు ఒక మీటరు. ఇది ముతక లెక్కే, కానీ పైపు పొడవు కొద్దిగా మారినా పవర్ వచ్చే ఆర్‌పీఎం ఎందుకు మారిపోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. పైపు పొట్టిదైతే పవర్ పై ఆర్‌పీఎంకి జరుగుతుంది, కింద డల్ అవుతుంది.

ఈ విద్యని 1950లలో తూర్పు జర్మనీ కంపెనీ ఎమ్‌జెడ్‌లో పదునుపెట్టింది వాల్టర్ కాడెన్ అనే ఇంజినీర్. 1961లో ఆ టీమ్ రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు సమయంలో పశ్చిమానికి పారిపోయి సుజుకిలో చేరాడు. ఆ విద్య కూడా అతనితోనే వెళ్లింది. 1962లో సుజుకి 50 సీసీ వరల్డ్ టైటిల్ కొట్టింది, దాని మీద ఉన్నది డెగ్నరే. ఒక పైపు డిజైన్ కోసం అంత కథ నడిచింది.

మేం బిగించి చూసిన మూడు

మొదటిది, మెకానిక్ దగ్గర దొరికిన పాత ఒరిజినల్. బాడీ గట్టిగానే ఉంది, కానీ లోపలి బఫుల్ నిండా కార్బన్. విప్పి శుభ్రం చేయించాం. రెండోది, ఒరిజినల్ షేపులో చేసిన కొత్త లోకల్ మేక్. మెరుపు బాగుంది, చేత్తో పడితే రేకు పల్చన. మూడోది, తమ్ముడి ఫ్రెండ్ బండి నుంచి ఒక పూటకి అడిగి తెచ్చిన రేసింగ్ టైప్ చాంబర్.

నాలుగోది కూడా ఉంది, దాన్ని టెస్ట్ చేయలేదు: బఫుల్ పీకేసిన ఖాళీ సైలెన్సర్. ఫ్రీగా వచ్చే సౌండ్ కాబట్టి కుర్రాళ్లు ఎక్కువగా చేసేది ఇదే. ట్యూనింగ్ దెబ్బతింటుంది, చెవులూ దెబ్బతింటాయి.

ఫోన్‌తో టెస్ట్ ఇలా చేయండి

ఫైఫాక్స్ అని ఒక ఫ్రీ యాప్ ఉంది. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం చేశారు. అందులో ఆడియో స్పెక్ట్రమ్ ఓపెన్ చేస్తే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో గీతల్లా కనిపిస్తుంది. మా బండికి ఆర్‌పీఎం మీటర్ లేదు, కానీ స్పెక్ట్రమ్‌లో మొదటి గీత చూసి 60తో గుణిస్తే ఆర్‌పీఎం వచ్చేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర గీత నిలబడితే 3,000. మూడు సైలెన్సర్లనీ ఒకే ఆర్‌పీఎంలో పోల్చడానికి ఇదే మా మీటర్.

ఫోన్‌ని సైలెన్సర్ మూతికి 2 మీటర్ల దూరంలో, నేరుగా వెనక కాకుండా ఏటవాలుగా స్టూల్ మీద పెట్టండి. మరీ దగ్గరైతే మైక్ ఓవర్‌లోడ్ అవుతుంది. ఖాళీ స్థలంలో, గాలి లేనప్పుడు, ఇంజిన్ వేడెక్కాకే చేయండి. ఫోన్ చూపించే డెసిబెల్ నంబర్‌ని నిజమనుకోవద్దు, అది క్యాలిబ్రేట్ చేసిన మీటర్ కాదు. ఒక సైలెన్సర్‌కీ ఇంకోదానికీ ఉన్న తేడా మాత్రమే చూడండి. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు. 10 పెరిగితే చెవికి దాదాపు రెండింతలు లౌడ్‌గా అనిపిస్తుంది.

ఏం తేలింది

50 దగ్గర గీత మూడింటిలోనూ ఉంది. తేడా అంతా పైన. ఒరిజినల్‌లో 100, 150 దాటాక గీతలు త్వరగా చిన్నవైపోయాయి, సౌండ్ గుండ్రంగా ఉంది. లోకల్ మేక్‌లో పై గీతలు కాస్త ఎత్తు, పల్చటి రేకు వల్ల కొద్దిగా తగరం డబ్బా మోత. చాంబర్‌లో పైదాకా గీతలన్నీ లేచి నిలబడ్డాయి. లౌడ్‌గా ఉందని చెప్పడానికి యాప్ కూడా అక్కర్లేదు, ఎదురింటి తలుపు తెరుచుకుంది.

రోడ్డు మీద సంగతి ఇంకా ఆసక్తికరం. భీమడోలు వైపు ఖాళీ రోడ్డులో చాంబర్ నిజంగానే బాగుంది, పై ఆర్‌పీఎంలో ఒక్కసారిగా లాగుతుంది. తమ్ముడి ఆనందం అబద్ధం కాదు. కానీ వెనక మనిషిని ఎక్కించుకుని, మూడో గేర్‌లో మెల్లగా ఎత్తు ఎక్కుతుంటే బండి నీరసపడింది. బాబాయి రోజూ నడిపేది ఆ స్పీడులోనే. ఒరిజినల్‌తో అదే ఎత్తు గేర్ మార్చకుండా ఎక్కింది.

మెకానిక్ అన్న ఇంకో మాట చెప్పాడు. చాంబర్ వేస్తే కార్బురేటర్ జెట్ కూడా మార్చాలి. లేకపోతే పెట్రోల్ తక్కువై ఇంజిన్ వేడెక్కుతుంది, పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. ఏ సైలెన్సర్ మార్చినా కొన్ని రోజులు నడిపి ప్లగ్ విప్పి చూడమన్నాడు. లేత గోధుమ రంగుంటే ఓకే. తెల్లగా ఉంటే పెట్రోల్ చాలట్లేదు, నల్లగా తడిగా ఉంటే ఎక్కువవుతోంది.

రూల్స్ సంగతి

కేంద్ర మోటార్ వాహనాల రూల్స్‌లో 120వ రూల్ ప్రకారం ప్రతి బండికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ ఉండాల్సిందే. శబ్ద ప్రమాణాలు దాటితే మోటార్ వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా ఫైన్, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్స్ రద్దు. 2005 ఏప్రిల్ నుంచి తయారయ్యే 80–175 సీసీ టూవీలర్లకి కంపెనీ టెస్టులో లిమిట్ 77 డెసిబెల్స్. అది 7.5 మీటర్ల దూరం నుంచి కొలిచే లెక్క.

తమ్ముడి తర్వాతి ప్లాన్ ఆటపాక రైడ్. కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. ఆటపాకలో పెలికాన్లు గూళ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. చల్లటి పొద్దున నీళ్ల మీద శబ్దం మామూలుకన్నా చాలా దూరం పోతుంది. అక్కడ చాంబర్ సౌండ్ ఎవరికోసం అని అడిగితే వాడి దగ్గర జవాబు లేదు.

మా వెర్డిక్ట్

మా బండికి శుభ్రం చేసిన పాత ఒరిజినల్ బిగించాం. ఇన్‌స్పెక్షన్‌కీ దానితోనే వెళ్తాం. మీ విషయంలో ముందు ఒక పని చేయండి: వారం రోజులు మీ మామూలు దారిలో ఏ ఆర్‌పీఎంలో ఎక్కువ నడుపుతున్నారో గమనించండి. ఊళ్లో, లోడుతో, ఎత్తుల మీద తిరిగేవాళ్లకి ఒరిజినలే కరెక్ట్. అది దొరక్కపోతే లోకల్ మేక్‌లో మందపాటి రేకు, విప్పి శుభ్రం చేసుకునే బఫుల్ ఉన్నది చూసి తీసుకోండి. ఆర్‌ఎక్స్ 135కి చేసినది ఫిట్ అవుతుందని చెప్పినా వద్దనండి, ఇంజిన్ సైజు వేరు, ట్యూనింగ్ వేరు. చాంబర్ మీద అంత మోజుంటే జెట్ మార్పించి, ట్రాక్ డేకి మాత్రమే బిగించండి.

తమ్ముడు చాంబర్‌తో తీసిన స్పెక్ట్రమ్ స్క్రీన్‌షాట్‌ని వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు. దానికి ఫైన్ లేదు.