నదీముఖమున వెన్నెముక లేని జీవులు

మెదకు చెంత ఏడుపాయలై చీలి, మరల ఏకమై సాగు మంజీర గోదావరితో సంగమించి, తుదకు కోరంగి మడ అడవుల కడ ఉప్పునీటిని చేరును. అచటి అకశేరుకములను గుర్తించుటకు తొలుత దేహనిర్మాణమును పరిశీలింపవలెను: కీళ్లకాళ్లు గలవి పీతలు, రొయ్యలు మొదలగు క్రస్టేషియనులు, మెత్తని దేహమును చిప్పలో దాచుకొనునవి నత్తలు, ఆల్చిప్పలు మొదలగు మొలస్కులు.

అయినను చిప్పయొక్కటే ప్రమాణము కాదు. మడచెట్ల వేళ్లకు సున్నపు పెంకులతో అంటియుండు బార్నకిల్‌ను క్యూవియే వంటి మహాపండితుడు సైతము మొలస్కులలో చేర్చెను. కాని 1830లో జాన్ వాన్ థామ్సన్ దాని డింభకములను పరిశీలించి, అది పీతల బంధువేయని నిరూపించెను. నీట మునిగినపుడు ఆ పెంకుల నడుమనుండి ఈకలవంటి కీళ్లకాళ్లు వెలువడి, ఆహారమును లోనికి లాగుకొనుట నేటికిని చూడవచ్చును. కావున పాఠకులారా, ఏ జీవినైనను వర్గీకరించుటకు ముందు దాని శైశవమును సైతము పరిశీలింపుడు.