మీకు తెలుసా? గబ్బిలం మోసిన ప్రశ్న

హిప్‌హాప్ పుట్టడానికి 32 ఏళ్ల ముందే, 1941లో, అంటరానితనం మీద దేవుణ్ణి నిలదీసిన కావ్యం ఒకటి పల్నాడు కవి కలం నుంచి వెలువడింది. అది గుర్రం జాషువా ‘గబ్బిలం’. జాషువా పుట్టిన వినుకొండ నేడు పల్నాడు జిల్లాలో ఉంది.

కాళిదాసు ‘మేఘదూతం’లో యక్షుడు మేఘాన్ని దూతగా పంపాడు. జాషువా కావ్యంలో ఆ దూత గబ్బిలం. అంటరానివాడైన జాషువా కథానాయకుడికి గుడి ప్రవేశం లేదు. ఒక రాత్రి అతని గుడిసెలోకి గబ్బిలం వస్తుంది. దాని రెక్కల గాలికి చిన్న ఆముదపు దీపం ఆరిపోతుంది. ఆ చీకట్లో అతను దానికే తన గోడు చెప్పుకుంటాడు. మనిషికి మూసిన గుడి గబ్బిలానికి తెరిచే ఉంటుంది. అక్కడ వేలాడే దానికి శివుడి చెవి దగ్గర. పూజారి లేని వేళ చూసి తన బతుకు కథ వినిపించమని కాశీ విశ్వనాథుడి దగ్గరికి పంపుతాడు.

హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది 1973 ఆగస్టు 11, చోటు న్యూయార్క్‌లోని బ్రాంక్స్. ఆ హిప్‌హాప్‌లోనే పాపం, శిక్ష, దైవభయాలను తరచి చూసిన ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్ ‘డ్యామ్’ 2017లో వచ్చింది. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ సంగీత బహుమతి దక్కింది. శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు బయట ఆ బహుమతి అందుకున్న తొలి రచన అదే.

దేవుణ్ణి ప్రశ్నించిన జాషువాకే 1964లో ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.